మడ అడవిలో పీతల లెక్క నీళ్ళే తేలుస్తాయి

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న సర్వే. రాంనగర్ చేపల మార్కెట్‌లో బతికున్న పీతను కొన్నవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి. ఓ, చాలామందే ఉన్నారు. నేను అనుకున్నదానికంటే ఎక్కువ. కాళ్ళూ డెక్కలూ తాడుతో కట్టేసి, తడి గోనెపట్టా కింద పెట్టి అమ్ముతారు చూడండి, పెద్దగా, ముదురు ఆకుపచ్చ రంగులో. దాన్ని గోదావరి జిల్లాల్లో మండపీత అంటారు. మీలో కొందరు ఎండ్రకాయ అంటారు. ఏ పేరైనా నాకు అభ్యంతరం లేదు, ఈ సాయంత్రం మాత్రం పీత అనే అంటాను.

సరే, ప్రశ్న ఏమిటంటే, ఈ పీతలు ఒక ఏడాది బుట్టలు నిండేలా పడతాయి. ఇంకో ఏడాది అదే కాలువలో, అదే మనిషి, అదే వల వేస్తే ఖర్చులు కూడా రావు. ఎందుకు? ఎవరిని అడిగినా ఠక్కున వచ్చే జవాబు ఒకటే: "మడ అడవులు నరికేశారండీ, అందుకే." అందులో నిజం ఉంది, కాదనను. కానీ చెట్టు ఒక్క ఏడాదిలో పోయి మరుసటి ఏడాది తిరిగి రాదు కదా? పీతలు మాత్రం ఏడాదికేడాదికీ అలా ఊగిపోతుంటాయి. అంటే చెట్టుకు మించినది ఇంకేదో ఉంది. అది నీళ్ళు. ఎప్పుడు తియ్యబడతాయి, ఎప్పుడు ఉప్పెక్కుతాయి, పోటు ఎంత దూరం లోపలికి వస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

చోటు గురించి రెండు మాటలు. కాకినాడ దగ్గర కోరింగ. గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసేముందు కోరింగ, గాడేరు అనే చిన్న పాయలు విడివడి మడ అడవి గుండా కాకినాడ అఖాతంలోకి పోతాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అటు కృష్ణా నది కింద నాగాయలంక, హంసలదీవి వైపు ఇంకో మడ అడవి. 2021 అటవీ నివేదిక ప్రకారం మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్ఎంసీ పరిధే 650. ఇప్పుడు ఆలోచించండి, ఎంత చిన్న ముక్క గురించి మాట్లాడుకుంటున్నామో.

హైదరాబాద్‌లో కూర్చుని మాకెందుకు ఇది అంటారా? మీరు పొద్దున తాగిన నీళ్ళు ఎక్కడివి? కృష్ణవి కావచ్చు, మంజీరవి కావచ్చు, ఎల్లంపల్లి నుంచి వచ్చిన గోదావరివి కావచ్చు. మంజీర కూడా గోదావరిలోనే కలుస్తుంది. అంటే ఈ నగరం తాగేది ఆ రెండు నదుల మొగలకూ, సముద్రంలో కలిసే ఆ చోట్లకు, చేరాల్సిన నీళ్ళే. కంగారు పడకండి, మిమ్మల్ని నీళ్ళు తాగొద్దని చెప్పడానికి రాలేదు. సాగుకు పోయే నీళ్ళతో పోలిస్తే నగరం తాగేది చాలా తక్కువ. సంబంధం ఉందని మాత్రం గుర్తుంచుకోండి.

మడ అడవిలో పీతలంటే ఒక్క మండపీతే కాదు. పాటు వేళ నీళ్ళు తీసేశాక బురద మీద వేల కొద్దీ చిన్న పీతలు కనిపిస్తాయి. మగదానికి ఒక డెక్క మాత్రం విపరీతంగా పెద్దది. దాన్ని ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంది. బురద పైపొర నోట్లో వేసుకుని, అందులోని నాచు తినేసి, మిగిలిన మట్టిని చిన్న ఉండలుగా ఉమ్మేస్తుంది. ఇంకో రకం ఆకులు తినేవి. రాలిన మడ ఆకుల్ని బొరియలోకి లాక్కుపోతాయి. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో లెక్క వేస్తే, అక్కడి మడ అడవిలో ఏడాదంతా రాలే ఆకుల్లో నాలుగో వంతు కంటే ఎక్కువ ఈ పీతలే లోపలికి లాగేసుకుంటున్నాయని తేలింది. ఇవి మార్కెట్‌కి రావు కాబట్టి వీటి గురించి ఎవరూ అడగరు. మండపీతల్లోనూ మన దగ్గర ప్రధానంగా రెండు జాతులు, సిల్లా సెరాటా, సిల్లా ఒలివేసియా. 1998 దాకా వీటి పేర్ల విషయంలో పెద్ద గందరగోళమే ఉండేది. ఆ ఏడాది ఈ ప్రజాతి మొత్తాన్ని నాలుగు జాతులుగా తేల్చారు. అందుకే అంతకు ముందు రాసినవాటిలో "సెరాటా" అని కనిపిస్తే అది ఏ పీతో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఇక ఉప్పు సంగతి. ఇక్కడ కాస్త నిలబడదాం, ఎందుకంటే అసలు కథంతా ఇక్కడే ఉంది.

తెలంగాణలో పొలం గట్ల మీద బొరియల్లో ఉండే పీత మీ అందరికీ తెలుసు. చిన్నప్పుడు పట్టినవాళ్ళు కూడా ఉంటారు. ఆ పీతకు సముద్రంతో పనే లేదు. తల్లి కడుపు కింద పెట్టుకున్న గుడ్లలోంచి నేరుగా చిట్టి పీతలే బయటికి వస్తాయి, కొన్నాళ్ళు తల్లినే పట్టుకుని ఉంటాయి. పుట్టుక, పెంపకం అంతా తీపి నీళ్ళలోనే.

మండపీత అలా కాదు. పెరిగేది మడ అడవిలో, కాలువల్లో. ఆడపీత కుబుసం విడిచి మెత్తగా ఉన్నప్పుడు మగది దాన్ని కాళ్ళ కింద పట్టుకుని కాపాడుతూ జత కడుతుంది. ఆ బీజాన్ని ఆడది నెలల తరబడి దాచుకోగలదు. ఆ తర్వాత ఏం చేస్తుంది? బయలుదేరుతుంది. మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో తీరానికి 95 కిలోమీటర్ల దూరంలో కూడా గుడ్లున్న ఆడపీతలు దొరికాయి. 95 కిలోమీటర్లు! ఇక్కడి నుంచి జడ్చర్ల దాటిపోతాం. పీత నడుస్తుందండీ ఆ దూరం.

ఎందుకంత కష్టం? కాలువలోనే గుడ్లు పెట్టొచ్చు కదా? పెడితే పిల్లలు బతకవు. ఒక ఆడపీత సైజును బట్టి 20 లక్షల నుంచి 50 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చేది పీత రూపం కాదు, జోయియా అనే చిన్న డింభకం, నీళ్ళలో తేలుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దక్షిణాఫ్రికాలో 1970లలో చేసిన ప్రయోగంలో ఉప్పు 17.5 గ్రాముల కంటే తగ్గేసరికి ఈ జోయియాలు విపరీతంగా చచ్చిపోయాయి. ఐదు దశలు దాటాక మెగలోపా అవుతుంది, అప్పటికి డెక్కలు వస్తాయి. ఇదంతా మూడు నాలుగు వారాల వ్యవహారం. ఆ మెగలోపా మళ్ళీ మొగ వైపు వచ్చి, పోటు మీద లోపలికి చేరి, మడ వేళ్ళ మధ్య చిట్టి పీతగా మారుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ చిట్టి పీత అయ్యాక దానికి ఉప్పంటే లెక్కే లేదు. దాదాపు తీపి నీళ్ళలోనూ బతుకుతుంది, సముద్రం కంటే ఉప్పగా ఉన్న గుంటలోనూ బతుకుతుంది. బతుకుతుంది, నిజమే. ఊరికే మాత్రం కాదు. తీపి నీళ్ళలో దాని ఒంట్లోని ఉప్పు బయటికి పోతూ ఉంటుంది, నీళ్ళు లోపలికి వస్తూ ఉంటాయి. మొప్పలు అదే పనిగా ఉప్పును లోపలికి లాగాలి. మీ అపార్ట్‌మెంట్ ట్యాంకు కారుతుంటే మోటారు ఆపకుండా వేసుకుంటారు చూడండి, నీళ్ళు ఆగవు, కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. పీతకు ఆ బిల్లు తిండి రూపంలో పడుతుంది. పెరగడానికి పోవాల్సిన శక్తి అంతా అక్కడే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. పిల్లకు ఉప్పు కావాలి, పెద్దది రెండింటినీ ఓర్చుకుంటుంది. కోరింగలో ఆగస్టులో గోదావరి వరద మీద ఉన్నప్పుడు కాలువ నీళ్ళు దాదాపు తియ్యగా ఉంటాయి. మే నెలలో అదే కాలువలో సముద్రమంత ఉప్పు. భద్రాచలం దగ్గర నీటిమట్టం మీరు టీవీలో చూస్తుంటారు కదా? 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ నీళ్ళన్నీ పోయేది ఈ పీతల ఇంట్లోంచే. అంత వరద వచ్చినప్పుడు ఒడ్డు దగ్గర సముద్రం కూడా చప్పబడిపోతుంది. ఒడ్డుకు దగ్గరగా గుడ్లు వదిలిన తల్లి పిల్లలకు అది మంచి కాలం కాదు. తల్లి ఎందుకు అంత దూరం పోతుందో ఇప్పుడు అర్థమైందా?

అయితే వరద చెడ్డదా? ఇక్కడే చాలామంది పొరబడతారు. "తీపి నీళ్ళు ఎక్కువైతే పీతలు పోతాయి" అని కొందరు ఆక్వా రైతులు కూడా అంటుంటారు. ఆ ఏడాదికి, ఆ వారానికి నిజమే, పీతలు కిందికి జరుగుతాయి. కానీ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది మొగలో, ఎండాకాలం నది ఎంత పారిందీ, మండపీతలు ఎన్ని పడ్డాయీ పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్ళకు వానలు పడేది ఎండాకాలంలోనే. నది బాగా పారిన ఏళ్ళలో పీతలు ఎక్కువ పడ్డాయి. 1999లో వచ్చిందా పరిశీలన. కారణాలు ఒకటి కాదు. వరద బురద తెస్తుంది, పోషకాలు తెస్తుంది, పీత తినే నత్తలూ ఆల్చిప్పలూ పెరుగుతాయి. ఎండిపోయి ఉప్పు పేరుకున్న పైనేలల్ని కడిగేస్తుంది. పీతల్ని కదిలిస్తుంది కూడా. కదిలే పీత వలలో పడుతుంది, అదీ ఒక కారణమే. వల లెక్క చూసి పీతలు పెరిగాయనుకోకూడదు అనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో న్యాయముంది.

నీళ్ళు రాని ఏడాది సంగతి? 2015 చివర, 2016 మొదట్లో ఉత్తర ఆస్ట్రేలియాలో కార్పెంటేరియా సింధుశాఖ అంచున మడ అడవి ఎండిపోయింది. వెయ్యి కిలోమీటర్ల తీరం పొడవునా, 7 వేల హెక్టార్లకు పైగా. గొడ్డలి పడలేదు, రొయ్యల చెరువు తవ్వలేదు. ఎల్‌నినో వల్ల సముద్ర మట్టం కొన్నాళ్ళు పడిపోయింది, వాన లేదు, ఎండ మండిపోయింది. పోటు నీళ్ళు చెట్ల దాకా చేరలేదు. ఆ తీరంలో మండపీతల వేట కూడా అదే కాలంలో దారుణంగా పడిపోయింది. చెట్లు చచ్చాక పీతలు పోయాయా? కాదు, రెండూ ఒకేసారి ఒకే దెబ్బ తిన్నాయి. నీళ్ళ దెబ్బ.

మన దగ్గరికి రండి. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ కట్టించింది, 1852కి పూర్తయింది. దాని వల్ల డెల్టా అన్నం తింటోంది, దానికి నేనూ చేతులెత్తి దండం పెడతాను. కానీ రబీకి నీళ్ళు మళ్ళాక మొగ వైపు వదిలేది చాలా తక్కువ. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం. 2000 తర్వాత వచ్చిన కరువు ఏళ్ళలో సముద్రానికి చేరిన కృష్ణ నీళ్ళు దాదాపు లేనట్టే. వరద మొత్తం రెండు మూడు నెలల్లో ఒక్కసారిగా రావడం, మిగతా ఏడాదంతా ఉప్పే ఉండటం... ఈ పద్ధతికి తట్టుకునే పీతలు కొన్నే. వేల ఏళ్ళుగా ఈ జీవులు అలవాటు పడ్డది నెమ్మదిగా తగ్గుతూ పోయే తీపి నీళ్ళకు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయే నీళ్ళకు కాదు.

సరే, ఉప్పు వదిలేసి బురదలోకి దిగుదాం.

మడ అడవిలో ఎప్పుడైనా కాలు పెట్టారా? కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పైన ఒక సన్నటి పొర తప్పితే కింద బురదలో ఆక్సిజన్ ఉండదు. ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా అక్కడ సల్ఫైడ్ తయారు చేస్తుంది. అది చెట్ల వేళ్ళకు విషం, జీవులకు విషం. మరి అంత బురదలో పీత ఎలా ఉంటుంది? బొరియ తవ్వుతుంది. పోటు వచ్చినప్పుడల్లా ఆ బొరియల్లోకి కొత్త నీళ్ళు దిగుతాయి, వాటితోపాటు ఆక్సిజన్ దిగుతుంది, సల్ఫైడ్ కడుక్కుపోతుంది. పీత తన కోసం తవ్వుకుంది, లాభం చెట్టుకు.

నాకు బాగా నచ్చే ప్రయోగం ఒకటుంది. 1991లో వచ్చింది, థామస్ స్మిత్, అతని సహచరులు చేశారు. ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో మడ అడవిలో కొన్ని చోట్ల పీతల్ని పట్టి తీసేశారు. పక్కనే కొన్ని చోట్ల వదిలేశారు. ఏడాది చూశారు. పీతలు లేని చోట మట్టిలో సల్ఫైడ్ పెరిగింది, అమ్మోనియం పెరిగింది, చెట్ల పెరుగుదల తగ్గింది, కాయలు కూడా తగ్గాయి. చెట్లు ఉంటే పీతలుంటాయని మనం అంటాం. పీతలు ఉంటే చెట్లుంటాయని ఆ ప్రయోగం చెబుతోంది. కానీ మళ్ళీ గమనించండి, పోటు నీళ్ళు రాకపోతే ఆ బొరియ ఒట్టి గొయ్యి. పని చేసేది బొరియా, పోటూ కలిసి.

అందుకే ఏ పీత ఎక్కడుంటుందో నేల ఎత్తు చూసి చెప్పొచ్చు. రోజూ రెండుసార్లు మునిగే అంచున ఒక రకం, అమావాస్యకీ పౌర్ణమికీ మాత్రమే పోటు చేరే ఎత్తులో ఇంకో రకం. బురద మెత్తదనం కూడా లెక్కే. నాచు తినే పీతల్లో కొన్నింటి నోటి వెంట్రుకలు ఇసుకను జల్లించడానికి సరిపోతాయి, కొన్నింటివి మెత్తని బంకమట్టికే పనికొస్తాయి. ఇసుక మేట వేస్తే ఒక రకం పోయి ఇంకోటి వస్తుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు "పీతలు ఉన్నాయి కదా" అనిపిస్తుంది. మారిపోయాయని తెలియదు.

వేడి గురించి ఎక్కువ చెప్పను. మండపీత 20 డిగ్రీల కంటే చల్లబడితే మందగిస్తుంది, తిండి తగ్గిస్తుంది. మన తీరంలో ఆ బెంగ లేదు, మన బెంగంతా రెండో వైపు. నీళ్ళు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, పీతకేమో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఎండలో తిరిగే చిన్న పీతలు ఒంటి రంగు పాలిపోయేలా చేసుకుని కొంత తట్టుకుంటాయి. అంతకు మించితే బొరియలోకి పరుగు. బొరియలో ఉన్నంతసేపూ తిండి లేదు. వేడి ఏడాదిలో చావు కంటే ముందు వచ్చేది ఆకలి.

చందమామ మాట కూడా చెప్పాలి. మడ పీతల్లో చాలా రకాలు పిల్లల్ని వదిలేది పెద్ద పోట్లప్పుడు, అదీ ఎక్కువగా రాత్రిపూట, నీళ్ళు వెనక్కి తీయబోయే ముందు. పాటు నీళ్ళు పిల్లల్ని గబగబా సముద్రంలోకి తీసుకుపోతాయి, చీకట్లో చేపలకు కనపడవు. ఇప్పుడు ఆ కాలువ మొగలో ఇసుక మేట వేసిందనుకోండి, లేదా ఎవరో చెరువు గట్టు అడ్డం వేశారనుకోండి. తల్లి తన పని సరిగ్గానే చేసింది. పిల్లలు బయటికి పోలేదు, లేదా పోయినవి వెనక్కి రాలేదు.

రొయ్యల చెరువుల దెబ్బ ఇదే. 1990లలో తీరమంతా తవ్వేశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంత నియంత్రణ పరిధిలో అలాంటి చెరువులు వద్దని తీర్పిచ్చింది. చెట్లు కొట్టినది అందరికీ కనిపించింది. గట్లు వేసి పోటు దారి మూసేసినది అంతగా కనిపించలేదు. నా దృష్టిలో రెండోదే పెద్ద నష్టం. గట్టు వెనక మడ మిగిలినా, ఆ నేల ఎండి, ఉప్పు తేలి, తెల్లగా మారుతుంది.

వేట మాట ఎత్తకపోతే అన్యాయం. బతికున్న మండపీతకు సింగపూర్‌లో, చైనాలో మంచి గిరాకీ. 2020 మొదట్లో కరోనాతో చైనా మార్కెట్ ఆగిపోతే ఇక్కడ పీతలు కొనే నాథుడు లేకుండా పోయాడు. గిరాకీ ఉన్నప్పుడు చిన్న పీతల్ని కూడా పట్టి చెరువుల్లో బలుపుతారు. పట్టొద్దని చెప్పడం తేలిక. ఆ కుటుంబానికి ఆ రోజు కూర అదే. తమిళనాడులో సీర్గాళి దగ్గర తొడువాయ్‌లో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం పీత పిల్లల హేచరీ నడిపింది, ఆ పద్ధతికి పేటెంట్ కూడా వచ్చింది. హేచరీ పిల్ల దొరికితే కాలువలో చిన్న పీతను పట్టే అవసరం తగ్గుతుంది. అది మంచి దారి. కానీ హేచరీలో కూడా మొట్టమొదట చూసుకునేది ఏమిటో తెలుసా? నీళ్ళలో ఉప్పు ఎంత అని.

మొక్కలు నాటే కార్యక్రమాల గురించి ఒక్క మాట, కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. ఫోటోలు బాగుంటాయి. నాటిన చోటికి పోటు చేరుతుందా లేదా అన్నది చూడకపోతే ఆ మొక్కలు ఎండిపోతాయి. పైగా ఆకులు తినే పీతలు మడ మొలకల్ని కూడా కొరికేస్తాయి, వాటికది విందు. దీనికి పని చేసిన పద్ధతి మన దగ్గరే ఉంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీ శాఖ వాళ్ళు కలిసి 1990ల చివర నుంచి గోదావరి, కృష్ణా మడల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు నీళ్ళు లోపలిదాకా వెళ్ళి, పేరుకున్న ఉప్పును కడుక్కుని పాటులో బయటికి వచ్చేస్తాయి. ఆ తర్వాతే మొక్క. ఆ కాలువల్లోకి మొక్క కంటే ముందే చిన్న చేపలు, పీత పిల్లలు దూరతాయి. ముందు నీళ్ళు, తర్వాత చెట్టు. ఆ వరస తలకిందులు చేస్తే డబ్బు వృథా.

ఒకటే చిక్కు. ఆ కాలువలు పూడిపోతాయి. గోదావరి బురద ఊరుకోదు కదా. కొన్నేళ్ళకోసారి పూడిక తీయాలి. తవ్వడానికి నిధులొచ్చినంత తేలికగా పూడిక తీయడానికి రావు. ఎవరైనా మీ కంపెనీ తరఫున మడ అడవికి సీఎస్ఆర్ డబ్బు ఇద్దామనుకుంటే, దయచేసి మొక్కల సంఖ్య అడగకండి. ఎన్ని మీటర్ల కాలువ పూడిక తీశారు, పోటు ఎంత లోపలికి వస్తోంది, ఎండాకాలంలో మట్టిలో ఉప్పు ఎంత తగ్గింది అని అడగండి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, మైకు వెనక వరసకు ముందు ఇవ్వండి, అక్కడ ఒకమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. బ్యారేజీల నుంచి ఎంత నీళ్ళు వదలాలి అన్న ప్రశ్న ఎవరిదైనా ఉంటే అదీ ఇప్పుడే అడిగేయండి, దానికి జవాబు కాస్త పెద్దది.